కూర్పు గదిలో క్రొత్త శిష్యుడు

చలనచిత్రమును చూచి వచ్చినవారు నటులను మెచ్చుకొందురు, పాటలను తలచుకొందురు, ఛాయాగ్రహణము బాగున్నదందురు. కూర్పును గూర్చి మాటలాడువారు అరుదు. ఇటుకల నడుమ సున్నము వలె కూర్పు కనబడకుండుటయే ఆ పనివాని నేర్పు. ఏ షాటు ఎక్కడ మొదలు కావలెను, ఎక్కడ ఆగవలెను, దాని తరువాత ఏది రావలెను అను మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుటయే ఎడిటరు పని. ఒక శతాబ్దమునకు పైగా ఈ జవాబును మనుష్యుడే చెప్పుచు వచ్చెను. గడచిన కొలది సంవత్సరములలో ఆ గదిలోనికి కృత్రిమ మేధ ప్రవేశించినది. అది ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు, దాని రాకతో ఏది పోవుచున్నది అను ప్రశ్నలు సినిమావారికి మాత్రమే చెందినవి కావు. చదువు చెప్పువారును, చదువుకొనువారును ఆలోచింపదగిన విషయ మొకటి వాటిలో ఇమిడి యున్నది.

కూర్పునకు గల శక్తి ఎట్టిదో తెలియుటకు సోవియెట్ రష్యాలో లెవ్ కులెషోవ్ చేసినట్లు చెప్పబడు ప్రయోగము చాలును. 1920 ప్రాంతమున ఆయన ఇవాన్ మొజూఖిన్ అను నటుని ముఖచిత్ర మొకదానిని, ప్రత్యేకమైన భావమేదియు లేనిదానిని, తీసికొని దాని ప్రక్కన ఒకసారి సూపు గిన్నెను, ఇంకొకసారి శవపేటికను చేర్చి చూపెనట. చూచినవారు ఆకలిని, దుఃఖమును ఆ నటుడు ఎంత చక్కగా నటించెనని మెచ్చుకొనిరట. ముఖము ఒక్కటే, మారినది దాని ప్రక్కనున్న దృశ్యము. అర్థము షాటులో మాత్రమే లేదు. రెండు షాటుల నడుమనున్న అతుకులో పుట్టుచున్నది. కావున అతుకు వేయువాడు కేవలము పనివాడు కాడు, అర్థమునకు బాధ్యుడు. తరువాతి చర్చకంతటికిని ఇదియే పునాది.

ఫిలిం రోజులలో ఈ పని చేతులతో జరిగెడిది. 1924లో అమెరికాలో ఇవాన్ సెరూరియర్ రూపొందించిన మూవియోలా యంత్రముపై ఎడిటరు ఫిలింను ముందునకు వెనుకకు నడిపి చూచుచు, కావలసినచోట గుర్తు పెట్టి, కత్తిరించి, అతికించెడివాడు. కత్తిరించిన ముక్కలు కొక్కెములకు వ్రేలాడుచుండెడివి. ప్రతి ముక్కకు ఒక గుర్తు, ప్రతి గుర్తునకు పుస్తకములో ఒక పద్దు. ఈ పద్దులు వ్రాయుట, ముక్కలు వెదకి తెచ్చుట, బొమ్మకు శబ్దమును సరిపోల్చుట సహాయకుని విధులు. సంవత్సరముల తరబడి ఈ పని చేసిన పిదప గాని అతని చేతికి కత్తెర వచ్చెడిది కాదు.

ఈ శ్రమ ఎంతటిదో ఒక లెక్కలో తెలియగలదు. 1979లో విడుదలయిన ‘అపోకలిప్స్ నౌ’ చిత్రమునకు 12,50,000 అడుగుల ఫిలిం, అనగా 230 గంటలకు పైగా నడచునంతటి ఫిలిం వాడిరి. తెర మీదికి వచ్చినది సుమారు 2 గంటల 25 నిమిషములు. కనబడిన ప్రతి నిమిషమునకు కనబడని నిమిషములు దాదాపు 95. ఆ చిత్రపు ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్ తరువాత లెక్క వేసి చూడగా, ఒక్కొక్క ఎడిటరు దినమునకు సగటున వేసిన అతుకులు 1.47 అని తేలెను. అతుకు వేయుటకు కొన్ని సెకన్లు చాలును. మరి మిగిలిన దినమంతయు వారేమి చేసిరి? చూచిరి, వెదకిరి, అతికి చూచి విప్పిరి, మరల చూచిరి. పని చేయుట కంటె పనిని గూర్చి ఆలోచించుటకే కాలము పట్టినదని ఆ 1.47 చెప్పుచున్నది.

కంప్యూటరు వచ్చినప్పుడు కత్తెర పోయినది గాని ఈ ఆలోచన పోలేదు. 1989లో ఎవిడ్ సంస్థ తెచ్చిన పద్ధతి క్రమముగా పరిశ్రమలో నాటుకొనెను. కంప్యూటరుపై కూర్చిన ‘ది ఇంగ్లీష్ పేషెంట్’ చిత్రమునకు 1997లో అదే వాల్టర్ మర్చ్ ఆస్కార్ బహుమతి అందుకొనెను. కంప్యూటరుపై కూర్చిన చిత్రమునకు కూర్పులో ఆస్కార్ లభించుట అదియే మొదటిసారి. అయినను ఆ కంప్యూటరునకు తెరపైనున్నది చెట్టో మనిషో తెలియదు. అది త్వరగా కత్తిరించు కత్తెర మాత్రమే. ఏది కత్తిరింపవలెనో చెప్పవలసినవాడు మనుష్యుడే.

ఇప్పుడు వచ్చిన మార్పు వేరు జాతికి చెందినది. క్రొత్త సాధనములు వినుచున్నట్లు, చూచుచున్నట్లు ప్రవర్తించుచున్నవి. మాటలను విని అక్షరములుగా వ్రాయుట మొదటి పని. 2023లో అడోబీ ప్రీమియర్ ప్రో, డావిన్సీ రిజాల్వ్ అను రెండు ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్లలోను వ్రాత ఆధారముగా కూర్పు చేయు సదుపాయము చేరెను. మాటలన్నియు తెరపై కాగితములో వలె కనబడును. అందులో ఒక వాక్యమును కొట్టివేసినచో వీడియోలో ఆ భాగము తొలగిపోవును. బొమ్మలోని మనిషిని నేపథ్యమునుండి వేరుచేయుట రెండవ పని. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. పది సెకన్లకు 240. పూర్వము ప్రతి ఫ్రేములోను మనిషి అంచుల వెంట గీత గీయవలసి యుండెను. దీనిని రోటోస్కోపింగ్ అందురు. నేడు ఒకటి రెండు ఫ్రేములలో గుర్తు పెట్టినచో, మిగిలినవాటిలో యంత్రమే ఆ గీతను కొనసాగించుచున్నది. మూడవది ఎన్నిక. 2025లో డావిన్సీ రిజాల్వ్‌లో చేరిన ఒక సదుపాయము, సంభాషణల ప్రతి ఇచ్చినచో చిత్రీకరించిన షాటులను దానితో పోల్చి తొలి కూర్పును తానే సిద్ధపరచును. నాలుగవది సృష్టి. అదే సంవత్సరము ప్రీమియర్ ప్రోలో వచ్చిన మరొక సదుపాయము, షాటు చాలనిచోట కెమెరా ఎన్నడును చూడని దృశ్యమును రెండు సెకన్ల వరకు కల్పించి అతికించును.

ఈ నాలుగింటిలో మొదటి మూడును ఉన్నదానిని వెదకి, వేరుచేసి, పేర్చునవి. నాలుగవది లేనిదానిని కల్పించునది. ఈ భేదమును మరువరాదు.

ఇదంతయు మాయ కాదు. అసంఖ్యాకమైన ఉదాహరణలను యంత్రమునకు చూపి, ఒకదాని తరువాత సాధారణముగా ఏది వచ్చునో అది అంచనా వేయునట్లు చేసిరి. అందువలన సాధారణముగా జరుగునది దానికి బాగుగా తెలియును. ఈ ఒక్కచోట, ఈ ఒక్క మనిషి విషయములో ఏమి జరుగవలెనో తెలియదు. ఆ రెంటికి నడుమనున్న దూరమే ఎడిటరు స్థానము.

లాభములను తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు. 2022లో వచ్చిన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ చిత్రపు దృశ్యప్రభావములను కొద్దిమంది కళాకారుల చిన్న బృందము తీర్చిదిద్దెను. రెండు రాళ్లు మాటలాడుకొను ఘట్టములో నేపథ్యమును వేరుచేయుటకు వారిలో ఒకరు రన్‌వే సంస్థవారి కృత్రిమ మేధ సాధనమును వాడిరి. మరుసటి సంవత్సరము ఆ చిత్రమునకు ఉత్తమ చిత్రముగాను, కూర్పునకును ఆస్కార్ బహుమతులు లభించెను. ధనబలము లేనివారికి పెద్ద సంస్థల వద్ద మాత్రమే యుండు సౌకర్యము అందుట మంచిదే. చెవులు వినబడనివారికి మాటలు అక్షరములై తెరమీద కనబడుటయు మంచిదే. పల్లెలోని విద్యార్థి తన సెల్‌ఫోనులో తీసిన చిత్రమును చక్కగా కూర్చుకొనగలుగుటయు మంచిదే.

అయితే యంత్రము నేర్పు ఎక్కడ ఆగునో చూడవలెను. మాటలలోని తడబాటులను, నడుమ నడుమ వచ్చు నిశ్శబ్దములను వెదకి తీసివేయుట ఈ సాధనముల సాధారణ సేవలలో ఒకటి. చీరాలలో ఒక వృద్ధ నేతగానిని విద్యార్థి యొకడు కెమెరా ముందు కూర్చుండబెట్టి, ‘తాతా, మీ మగ్గం ఏమైంది?’ అని అడిగెననుకొనుడు. ఆ వృద్ధుడు ఆరు సెకన్లు నేలవైపు చూచి, ‘అమ్మేశాం బాబూ’ అనును. యంత్రమునకు ఆ ఆరు సెకన్లు ఖాళీ, కొట్టివేయదగినవి. చూచువానికి ఆ ఆరు సెకన్లే జవాబు. తరువాతి రెండు మాటలు దానికి చివరనున్న చుక్క మాత్రమే. మంచి అతుకునకు వాల్టర్ మర్చ్ ఆరు లక్షణములు చెప్పి, వాటి విలువలను నూటికి పంచినప్పుడు, భావమునకు 51 పాళ్లు ఇచ్చెను. కథ, లయ మొదలగు తక్కిన అయిదింటికి కలిపి 49. ఆ 51 పాళ్ల విషయములో యంత్రము ఇచ్చునది ఊహ, అనుభవము కాదు.

తెలుగువారు గమనింపవలసిన చిక్కు ఇంకొకటి కలదు. 2022లో ఓపెన్‌ఏఐ సంస్థ విడుదల చేసిన విస్పర్ అను శ్రవణ సాధనమును 6,80,000 గంటల ధ్వనితో తయారుచేసిరి. అందులో ఇంగ్లీషు కాని 96 భాషలన్నింటికి కలిపి వచ్చినది 1,17,000 గంటలు మాత్రమే. ఇట్టి సాధనములు ఇంగ్లీషును విన్నంత చక్కగా తెలుగును వినలేవు. శ్రీకాకుళపు యాస, పాలమూరు పలుకు, సీమ మాట, వాటి నడుమ దొర్లు ఇంగ్లీషు పదములు వచ్చినప్పుడు తప్పులు ఇంకను పెరుగును. వ్రాతను చూచి కూర్పు చేయు పద్ధతిలో ఇది చిన్న లోపము కాదు. యంత్రము సరిగా వినని వాక్యము వెదకినప్పుడు దొరకదు. దొరకని వాక్యము చిత్రములోనికి రాదు. పట్టణపు భాషలో స్పష్టముగా మాటలాడినవాడు తెరమీద మిగులును. తన ఊరి మాట మాటలాడిన అవ్వ తెలియకుండగనే తొలగిపోవును. ఎవ్వరును ఆమెను కావలెనని తీసివేయలేదు. అసలు టేపును మొదటినుండి చివరివరకు విన్నవాడు లేడు, అంతే.

ఇక్కడనే అసలు ప్రశ్న ఎదురగుచున్నది. ఎడిటరు విచక్షణ ఎక్కడ పుట్టును? పుస్తకములలో కొంత, శిక్షణాలయములలో కొంత. కాని ఎక్కువ పాలు పెద్ద ఎడిటరు ప్రక్కనున్న సహాయకుని స్టూలుమీద పుట్టినది. ‘ఆర్‌ఆర్‌ఆర్’ చిత్రమునకు కూర్పు చేసిన ఎ. శ్రీకర్ ప్రసాద్, ఎడిటరును దర్శకుడును అయిన తన తండ్రి అక్కినేని సంజీవి వద్ద పని నేర్చినవాడు. తండ్రి ప్రక్కనో, గురువు ప్రక్కనో కూర్చుండి నేర్చినవారు తెలుగు సినిమాలో మరియెందరో కలరు. గురువు ఒక షాటును ఎందుకు ఎన్నుకొనెనో శిష్యునికి ఎవ్వరును పాఠముగా చెప్పరు. ఆ షాటు యొక్క పది ప్రతులను తానే పుస్తకములో ఎక్కించి, పదింటిని తానే పలుమార్లు చూచి, గురువు ఏడవదానిని తీసినప్పుడు ‘మూడవది కాక ఏడవది ఎందుకు?’ అని తనలో తాను వితర్కించుకొనుట వలన వచ్చును. పద్దు వ్రాయుట కూలిపనివలె కనబడినను, చూపునకు అదియే సాధకము.

ఇప్పుడు ఆ పద్దు యంత్రము వ్రాయుచున్నది. ఆ ముక్కలు యంత్రము వెదకుచున్నది. శిష్యుని స్టూలులో యంత్రము కూర్చున్నది. పెద్ద ఎడిటర్లకు దీని వలన ఇప్పటికిప్పుడు నష్టము లేదు. వారి విచక్షణ ఇదివరకే సంపాదించినది. నష్టము రాబోవు తరమునకు. కూటి ప్రశ్నయు దీనితోనే ముడివడి యున్నది. 2023లో హాలీవుడ్ రచయితలు 148 దినములు సమ్మె చేసినప్పుడు వారి కోరికలలో కృత్రిమ మేధపై హద్దులు ఒకటి. 2024లో ఎడిటర్లు మొదలగు సాంకేతిక కార్మికుల సంఘము చేసికొన్న ఒప్పందములోను ఆ విషయము చోటు చేసికొనెను. అయితే ఒప్పందము ఉన్న ఉద్యోగమును కాపాడగలదు గాని, పుట్టని నైపుణ్యమును పుట్టింపలేదు.

దీనికి విరుగుడుగా పాత శ్రమ నంతటిని తిరిగి తెమ్మనుట తెలివిగల మాట కాదు. శ్రమ యంతయు చదువు కాదు. శబ్దమును బొమ్మకు చేతితో సరిపోల్చుటలో ఒక హద్దు దాటిన తరువాత నేర్చుకొనునది లేదు. అది యంత్రమునకు పోవుటయే మేలు. కాని తీసిన దృశ్యము నంతటిని కన్నులార చూచుట అట్టిది కాదు. బడిలోను ఈ భేదమున్నది. ప్రతిపదార్థమును పదిసార్లు ఎత్తివ్రాయించుట వలన చేయి నొచ్చును. పాఠమును తాను చదివి, తన మాటలలో పది వాక్యములకు కుదించుట వలన బుద్ధి పెరుగును. ఆ పది వాక్యములను యంత్రముచేత వ్రాయించుకొన్న విద్యార్థికి సారాంశము చేతిలో ఉండును. పాఠము తలలో ఉండదు. వీడియో కూర్పు కూడ ఒక విధమైన సంగ్రహరచనయే.

విచక్షణతో పాటు బాధ్యత కూడ చూడవలసినది. 2013లో ఆనంద్ ఎల్. రాయ్ దర్శకత్వమున వచ్చిన హిందీ చిత్రము ‘రాంఝణా’లో కథానాయకుడు చివర మరణించును. 2025 ఆగస్టు 1న దాని తమిళ రూపమైన ‘అంబికాపతి’ని మరల విడుదల చేసినప్పుడు, కృత్రిమ మేధ సహాయమున ఆ ముగింపును మార్చి నాయకుని బ్రతికించిరి. దర్శకుడును, కథానాయకుడుగా నటించిన ధనుష్‌ను ఈ మార్పునకు బహిరంగముగా అభ్యంతరము తెలిపిరి. హక్కులు ఎవరివో చట్టము తేల్చగలదు. కాని కులెషోవ్ ప్రయోగమును తలచుకొన్నచో తెలియునది వేరు. చివరి అతుకు మారినచో మొదటి షాటునకు కూడ అర్థము మారును. రెండు గంటల సేపు మృత్యువు వైపు నడచిన కథ, చివరి నిమిషములలో బ్రతుకు వైపు తిరిగినప్పుడు, అంతవరకు చూచినదంతయు ఇంకొక కథ యగును. ఆ క్రొత్త కథకు బాధ్యులెవరు? యంత్రము బాధ్యత వహింపజాలదు. అభ్యంతరము తెలిపినవారిపై దానిని మోపుట అన్యాయము.

కల్పిత కథలో ఇంత చిక్కు ఉన్నప్పుడు, నిజమును చూపునట్టి చిత్రములో ఇంకెంత యుండవలెను? వంటవాడును రచయితయు అయిన ఆంథొనీ బోర్డెయిన్ మరణానంతరము 2021లో వచ్చిన ‘రోడ్‌రన్నర్’ డాక్యుమెంటరీలో, ఆయన వ్రాసిన కొన్ని మాటలను కృత్రిమముగా తయారుచేసిన ఆయన కంఠముతోనే వినిపించిరి. మాటలు ఆయనవే, పలికినది ఆయన కాదు. ప్రేక్షకులకు ఆ సంగతి చిత్రములో చెప్పకపోవుటయే వివాదమునకు కారణమయ్యెను. భారతదేశములో 2026 ఫిబ్రవరిలో సమాచార సాంకేతిక నియమములను సవరించి, కృత్రిమముగా సృష్టించిన దృశ్య శ్రవణములకు స్పష్టమైన గుర్తు ఉండవలెనని విధించిరి. రంగు సరిదిద్దుట, రొద తగ్గించుట వంటి సద్భావముతో చేయు సాధారణ కూర్పు పనులను ఆ నియమములు వేరుగా ఉంచినవి. శుభ్రపరచుట వేరు, కల్పించుట వేరని చట్టము కూడ గుర్తించినదన్న మాట. చట్టము ఆ గీతను కాగితముపై గీయగలదు. ప్రతి అతుకు వద్ద దానిని గుర్తు పెట్టుకొనవలసినది కూర్చువాడే.

ఈ విచక్షణను బడిలోనే అభ్యసింపవచ్చును. అందులకు ఖరీదైన గది అక్కరలేదు. ఒక ఫోను చాలును. ఉపాధ్యాయుడు విద్యార్థులచేత ఊరిలోని ఒక పెద్దమనిషితోనో, ఇంటిలోని అమ్మమ్మతోనో ఇరువది నిమిషములు మాటలాడించి చిత్రీకరింపజేయవచ్చును. మొదట యంత్రము ప్రమేయము లేకుండ ఆ ఇరువది నిమిషములను ప్రతివాడును పూర్తిగా రెండుసార్లు చూడవలెను. తనకు ముఖ్యమని తోచినవి కాగితముపై వ్రాసికొనవలెను. పిమ్మట దానిని రెండు నిమిషములకు కూర్చవలెను. అటు తరువాత అదే దృశ్యమును యంత్రమునకు ఇచ్చి, అది కూర్చిన రెండు నిమిషములను ప్రక్కన పెట్టి చూడవలెను. యంత్రము తన కంటె మేలుగా చేసినచోటును ఒప్పుకొనవలెను. తాను ఉంచినదానిని అది తీసివేసినచోట ఎవరిది సబబో వాదించుకొనవలెను. ఇట్లు పోల్చిచూచినప్పుడు యంత్రము శత్రువు కాదు, ప్రభువును కాదు. తరగతిలో మరియొక విద్యార్థి.

చివరకు తరగతిలో అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ‘ఇక్కడ ఎందుకు కోసితివి?’ యంత్రము కోసినను, తాను కోసినను, ఆ ప్రశ్నకు ఒక్క వాక్యములో కారణము చెప్పగలిగిన విద్యార్థికి కూర్పు వచ్చినట్లే. పనిని యంత్రమునకు ఒప్పగించవచ్చును. ఆ వాక్యమును ఒప్పగించరాదు.